అద్దాలు తీసి సూసిన నోరు

ఇలా రాండర్రా, దగ్గరగా కూకోండి. అన్నాలు తిన్నారు గదా అందరూ? తిన్నాకే సెప్పాల ఇది. తినకముందు సెప్తే ముద్ద దిగదు, అంత రోత ఉన్నాది ఇందులో. కొంత తవిటమ్మ సెప్పింది నాకు, కొంత ఆ యమున మా అరుగుమీద కూకుని ఏడుస్తా సెప్పింది. రెండూ కలిపి మీకు సెప్తన్నాను.

తవిటమ్మంటే పొందూరులో నా పక్కింటి మనిషి. ఆల ఆయన ఎర్రన్న మగ్గం నేస్తాడు, ఈవిడ పత్తి పని. వాలుగు సేప దవడ మీరెప్పుడేనా సేత్తో పట్టుకున్నారా? సన్నసన్న పళ్లుంటాయి దానికి, లెక్కకందవు. ఎడంసేత్తో గింజపత్తి పట్టుకుని ఆ దవడతో దువ్వాల. గట్టిగా దువ్వితే పోగు తెగుతాది, మెత్తగా దువ్వితే సెత్త పోదు. పురిటిబిడ్డ తల దువ్వినట్టు దువ్వేది తవిటమ్మ. దువ్వగా దువ్వగా పత్తి పొగమంచులాగ ఒళ్లో పేరుకునేది.

ఒళ్లో అంత పత్తి ఎట్టుకుని నోట్లో సుట్ట కాలిస్తే ఏటవుతాది? ఒక్క నిప్పురవ్వ పడిందా, సీరా పోతాది, ఇల్లూ పోతాది. అందుకని మా ఆడోల్లది అడ్డపొగ. నిప్పు కొస నోట్లోకి, ఆరిన కొస బయటికి. పెదాలు మూసుకుని లోపల్లోపలే పీలుస్తారు. బూడిదంతా నోట్లోనే. సేతులు రెండూ పత్తిలో ఉంటాయి గదా, ఇంక సుట్టని తిప్పేది నాలికే. ఇటు బుగ్గకోసారి, అటు బుగ్గకోసారి. తవిటమ్మ మాటాడతా కూడా తిప్పేది. సూసినోల్లకి నోట్లో నిప్పుందని తెలిసేదే కాదు.

ఇప్పుడు సెప్పబోయే అద్దాల డాక్టరు సంగతి జరిగిన ఏడు, వానలు పడ్డప్పట్నించి, తవిటమ్మ అంగిలిలో పుండు లేసింది. మొదట్లో కాలిందనుకుంది. అడ్డపొగ తాగినోల్లకి అంగిలి కాలడం కొత్తేటి? కాల్తాది, మాన్తాది. ఇది మానలేదు. దసరా ఎల్లిపోనాది, మానలేదు. పులుసు తగిలితే సెవుల దాకా మంట. ఉత్త గంజన్నం సల్లార్చుకుని తినేది. మందులషాపోడు ఎర్రనీల్ల సీసా ఇచ్చినాడు, పుక్కిలించమని. పుక్కిలించింది. ఏటీ అవలేదు.

"సుట్ట మానేయే," అన్నాడు ఎర్రన్న.

"నువ్వు కల్లు మానీ, ఆ పొద్దే నాను సుట్ట మాన్తాను."

"అయితే ఇద్దరం సచ్చినాకే," అని మగ్గం గుంటలోకి దిగిపోనాడు.

నవ్విందిగానీ తవిటమ్మకి లోపల బయం పట్టుకుంది. ఆల మేనత్తకి ఇలాగే అంగిలిలో పుండు లేసి, రంధ్రం పడి, తాగిన నీల్లు ముక్కులోంచొచ్చి పోనాది. ఆ మాట నోటితో అనేది కాదు. వేలెట్టి పుండు తడుముకునేది, వేలు వాసన సూసుకునేది, పత్తిలో సెయ్యెట్టేది.

అదిగో, అప్పుడొచ్చింది యమున.

యమునది మా ఎనకవీధి. శ్రీకాకుళం టౌనులో మురళీమోహన్ గారని పళ్ల డాక్టరు, ఆయన దగ్గర పనిసేస్తాది. తెల్లకోటు మడతెట్టి సంచిలో ఎట్టుకుని బస్సు దిగేది. ఆ పొద్దు తిన్నగా తవిటమ్మ అరుగు దగ్గరికొచ్చి, "అత్తా, నీకు కింద ముందుపళ్లు లేవు గదా, మా డాక్టరుగారు కడతారంట. ఉత్తినే," అంది.

"ఉత్తినే ఎవలే కట్టేది? నా అందం సూసా?" అంది తవిటమ్మ.

"కాదత్తా. కొత్త అద్దాలొచ్చినాయి మాకు. తల సుట్టూ పట్టీ కట్టుకుంటారు, టోపీలాగుంటాది. అవెట్టుకుని సూస్తే, మనిషి నోటిమీదే దవడెముక బొమ్మ కనబడతాది. నరం ఎక్కడుందో, మర ఎక్కడ దించాలో గీతలేసి సూపిస్తాది. మర అంటే ఎముకలో దించే సీల, దానిమీద పన్ను కడతారు. పెద్ద పెద్ద డాక్టర్లు సూడ్డానికొస్తన్నారు ఆదివారం. సుగరూ బీపీ లేని మనిషి కావాలన్నారు. నాను నీ పేరు సెప్పినాను."

తవిటమ్మ దువ్వడం ఆపింది. "లోపలంతా కనబడతాదా?"

"అంతా కనబడతాది."

"అంగిలి?"

"నోరంటే అంతా గదత్తా."

ఆ ఒక్కమాట మీద ఎల్లింది అది. పళ్లమీద దానికి మోజు లేదు. అన్నం ముద్ద సేసుకుని మింగడం ఎప్పుడో అలవాటైపోనాది. ఎముకలోపలి నరం సూసే అద్దాలకి అంగిలిలో పుండు కనబడదా? సూసినోడు సెప్పడా? అంతే దాని ఆశ. ఎర్రన్నకి ఈ సంగతి సెప్పలేదు. ఆడు మటుకు, "పళ్లొచ్చినాక కరుస్తావేటే?" అంటా వీదిలో అందరికీ సెప్పుకుని తిరిగినాడు.

ముందు ఓ పొద్దు పరీక్షకి తీసుకెల్లింది యమున. ఏసీ గది, లవంగ నూని వాసన, నున్నటి కుర్సీ. అక్కడికెల్లగానే ఈ యమున మనిషి మారిపోనాది. మూతిగుడ్డ మీద మూతిగుడ్డ, రెండు కట్టింది. అరుగుమీద అత్తా అత్తా అన్న పిల్ల అక్కడ "అమ్మా, నోరు పుక్కిలించండి" అంది. ఇంకోసారి పుక్కిలించండి. మళ్లీ. పచ్చనీల్లు గాజుగిన్నిలో ఊసి ఊసి తవిటమ్మకి నోరు మండిపోనాది. ఆ పుండుమీద ఆ మందు ఎలాగుంటాదో ఆలోసించండి. కల్లంట నీల్లు కారతంటే, "ఏంటమ్మా, అంత కంపు ఎక్కణ్నించొస్తోంది," అని అక్కడ పనిసేసే సిన్న డాక్టరు పిల్లోడు మొకం పక్కకి తిప్పుకున్నాడు. తిప్పుకునే నోట్లో సిన్న అద్దమెట్టి, కింద పళ్లు లెక్కెట్టుకున్నాడు.

"బాబూ, ఇదిగో, పైన," అని వేలు సూపించింది తవిటమ్మ.

"పైన పళ్లు ఉన్నాయి కదమ్మా. మనకి కిందే పని."

తరవాత తలసుట్టూ తిరిగే మిషను. దాంట్లో నిలబెట్టి, కదలొద్దన్నారు. కదల్లేదు. మిషను తిరిగినంతసేపూ, ఇది సూస్తంది, ఇది సూస్తంది, అనుకుందంట పాపం.

అప్పుడొచ్చినాడు మురళీమోహన్ గారు. తెల్లగా, నున్నగా, సెంటు వాసన. ఈవిడ నోటికేసి సూడలేదు. కంప్యూటరు మీద ఎముక బొమ్మకేసి సూసినాడు. వేలుతో దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "ఎంత చక్కటి ఎముకో! ఈ వయసులో ఇలాంటి దవడ దొరకదు," అన్నాడు. దొరకదు, అన్నాడు సూడండి, సంతలో బేరం సేసినట్టు.

తవిటమ్మ లేసి కొంగు నోటికడ్డం ఎట్టుకుని, "బాబూ, అంగిలిమీద పుండొకటి," అని మొదలెట్టింది. ఆయన రెండడుగులు ఎనక్కేసినాడు. ఆవిడతో కాదు, యమునతో అన్నాడు. "ఈవిడ చుట్ట కాలుస్తుందా? ఆదివారం వరకూ ముట్టుకోవద్దని చెప్పు. ఆ రోజు పొద్దున్నే తీసుకొచ్చి నోరు బాగా కడిగించు. సార్లు ఈ కంపు భరించలేరు. చుట్ట సంగతి వాళ్ల దగ్గర ఎత్తకు. చుట్ట తాగేవాళ్లకి మర నిలవదంటారు, లేనిపోని చర్చ."

ఆవిడ అక్కడే నిలబడుంది. ఆవిడ సెవులు పన్జేస్తన్నాయి. తెలుగులోనే అన్నాడు.

బస్సులో తిరిగొస్తంటే యమునని అడిగింది. "ఒసే గుంటా, నోరు కడిగించినావు గదా, నువ్వయినా సూసినావేటే?"

"సూసినానత్తా. తెల్లగా, ఎర్రగా ఉన్నాది. సుట్ట మరక."

"మరక నొప్పెడతాదేటే?"

యమున కిటికీలోంచి బయటికి సూసింది. ఇంటికొచ్చినాక మొకం రుద్దిరుద్ది కడుక్కుందంట. ఆ వాసన ముక్కులోంచి పోలేదని మా అరుగుమీద తనే సెప్పింది. ఆ మాటకి నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదుగానీ, ఏడస్తన్న పిల్లని ఏటంటాం.

ఆదివారం దాకా తవిటమ్మ సుట్ట ముట్టలేదు. మాటంటే మాట. పొగ లేకపోతే సేతులు ఆడవు దానికి. పత్తి దువ్వుతా దువ్వుతా సీపురుపుల్ల నోట్లో ఎట్టుకునేది. ఆ పుల్లని నాలికతో అటు బుగ్గకీ ఇటు బుగ్గకీ తిప్పేది. పుల్ల తీసేసినా నాలిక ఊరుకునేది కాదు. "నోట్లో ఎలక దూరినట్టుందేటే," అనేవోన్ని నాను. ఎన్నేల్ల అలవాటది, నాలిక్కి బుద్ది సెప్తే ఇంటాదా?

ఆదివారం పొద్దున్న ఉతికిన సీర కట్టింది. తనొడికిన నూలుతో ఎర్రన్న నేసిన సీర. యమున తొందర తొందరగా తీసుకెల్లింది. హాల్లో కుర్సీలేసి, గోడకి పెద్ద టీవీ ఎట్టినారు. డాక్టరుగారి అద్దాల్లో ఏటి కనబడితే అదే టీవీలో కనబడతాదంట. విశాఖపట్నం నించి పెద్దాయన, నరసింగరావు గారంట, మురళీమోహన్ గారికి సదువు సెప్పిన మేష్టారు, ముందు కుర్సీలో కూకున్నాడు. ఇడ్లీలు తింటన్నారు అందరూ. గాజుతలుపు అవతల ఈవిడ మళ్లీ పుక్కిలిస్తంది.

కుర్సీలో పడుకోబెట్టినారు. మొకంమీద ఆకుపచ్చ గుడ్డ కప్పినారు, నోరున్న సోట మటుకు కన్నం. గుడ్డ కిందనించి ఈవిడకి అంచుల్లో ఎలుగు తప్ప ఏటీ కనబడదు. సూది ఎట్టినారు. పెదవి, సుబుకం మొద్దుబారిపోనాయి, ఎవరిదో నోరు తనకి తగిలించినట్టు. తరవాత మిగిలిన కిందపళ్లకి ఓ బిళ్ల కరిపించినారు. బిళ్ల సివర సదరంగా అట్టముక్క, దానిమీద నలుపూ తెలుపూ గళ్లు. ఆ గళ్లని సూసే అద్దాలు నోరెక్కడుందో పోల్చుకుంటాయంట. నోరు కదిలితే బొమ్మా దానెంటే కదుల్తాది. ఇదంతా మురళీమోహన్ గారు హాల్లో ఆలకి మైకులో సెప్తన్నాడు. పేషెంటుకి ఏ అలవాట్లూ లేవని కూడా సెప్పినాడు. యమున పక్కనే ట్రే పట్టుకుని నిలబడుంది.

బిళ్ల నోట్లో పడ్డాది. తవిటమ్మ నాలిక్కి అదేటి? సుట్ట. మొద్దుబారిన నోట్లో ఏం సేస్తందో దానికే తెలీదు. నాలిక ఎల్లి బిళ్లని నెట్టింది. అటు నెట్టింది, ఇటు లాగింది. టీవీలో దవడెముక బొమ్మ మెల్లిగా జరిగి బుగ్గమీదికి పాకింది. మరలు దిగాల్సిన సోట ఎర్రగీతలు ఉన్నాయే, అవి ఎల్లి పెదవి మీద కూకున్నాయి. హాల్లో ఎవడో నవ్వినాడు.

"కదలకమ్మా."

"కదల్లేదు బాబూ," అనబోయింది. మాట రాలేదు, పెదవి పలకలేదు.

బిళ్ల సర్దినాడు. మళ్లీ బొమ్మ సరిగ్గా కూకుంది. మళ్లీ నాలికెల్లింది. బొమ్మ ఈసారి గెడ్డం కిందికి జారింది. ఎనకనించి నరసింగరావు గారు, "ఏమిటోయ్, ఎముక ఊరేగుతోంది," అన్నాడు. మురళీమోహన్ గారికి సెమటలు. అద్దాలు నుదిటిమీదికి ఎత్తినాడు. "లైటు దగ్గరికి లాగు," అన్నాడు యమునతో. లాగింది. ఒంగి, బిళ్ల ఎందుకు జారతందో సూద్దామని నోట్లోకి సూసినాడు.

అదే మొదలు ఆయన ఆ నోట్లోకి సూడడం. అద్దాలు లేకుండా, ఉత్త కంటితో.

ఒంగినప్పుడు గుడ్డ కన్నం కాస్త పక్కకి జరిగింది. తవిటమ్మకి ఒక కంటితో ఆయన మొకం కనబడింది. లైటు పైకి, అంగిలిమీదికి పడ్డాది. ఆయన సూపు పళ్లమీంచి పైకెల్లి అక్కడ ఆగిపోనాది. సెయ్యాగిపోనాది. యమున కూడా సూసింది ఆయన కల్లకేసి. ఆయన ఏటి సూసినాడో ఇద్దరికీ తెలిసింది. ఆలిద్దరికీ తెలిసిపోనాదని ఆయనకి తెలీదు.

హాల్లోంచి ఎవరో, "సమస్యేమైనా ఉందా?" అన్నారు.

"లేదు లేదు. చిన్న సర్దుబాటు, అంతే," అన్నాడు.

అని, అద్దాలు కిందికి లాగి ఎట్టుకున్నాడు.

ఇక్కడాగండి. కంపు కంపని మూతికి రెండేసి గుడ్డలు కట్టుకున్నారే, నోటి కంపు కడిగితే పోతాది. సూసి, సూడనట్టు అద్దాలెట్టుకున్నాడే, దాన్నేటెట్టి కడుగుతాం? పుండున్న నోట్లో మరలు దించి, పళ్లు కట్టి, ఫొటో తీసుకుని పంపించేద్దామనుకున్నాడు. ఇడ్లీలు తిన్నోల్లు సప్పట్లు కొట్టాల గదా.

"తెరవమ్మా, వెడల్పుగా," అన్నాడు.

తవిటమ్మ నోరు మూసింది.

విసురుగా కాదు. తలుపేసుకుని గెడెట్టుకున్నట్టు, నిదానంగా. బిళ్లని నాలికతో నెట్టి పెదాల బయటికి తోసేసింది. అది గుడ్డమీద పడ్డాది. 

"అమ్మా, నోరు తెరువు."

తెరవలేదు.

"అత్తా," అంది యమున. అక్కడ అత్తా అనడం అదే మొదలు. "అత్తా, తెరువు. అందరూ సూస్తన్నారు."

తెరవలేదు. హాల్లో టీవీలో ఏటి కనబడతందో తెలుసా మీకు? ముడతలు పడ్డ పెదాలు, గట్టిగా మూసుకుని. ఆ పెదాలకి ఓ పక్కన గాల్లో యేలాడతా దవడెముక, దాంట్లో దించాల్సిన మరలు మెరుస్తా ఉన్నాయి. అంతే. అదే ఎంతసేపూ. మొదట నవ్వినోల్లు కూడా నవ్వడం మానేసినారు.

తవిటమ్మ సెయ్యెత్తి మొకంమీద గుడ్డ లాగేసింది. లేసి కూకుంది. కింద పెదవి ఓ పక్కకి జారిపోయి సొంగ కారతంటే కొంగుతో పట్టుకుని, ముద్దముద్దగా అంది.

"అద్దాలు తీసి సూసినావు గదా బాబూ. ఏటి సూసినావు?"

"ఏం లేదమ్మా. పడుకో."

మళ్లీ మూసేసింది. ఆయనకేసి సూస్తా కూకుంది. కోపం లేదు, ఏడుపు లేదు. మగ్గం మీద పోగు తెగితే అతికినవరకూ కూకుంటారే, అలాగ.

గాజుతలుపు తోసుకుని నరసింగరావు గారు లోపలికొచ్చినాడు. "ఏమైంది?"

"పేషెంటు భయపడుతోంది సార్."

"నాకు బయమేటీ లేదు," అంది తవిటమ్మ. "ఆ బాబు నా అంగిలి సూసినాడు. సూసింది సెప్పమంటన్నాను. సెప్తే తెరుస్తాను. సెప్పకపోతే ఈ నోరు ఇక్కడ తెరవను."

పెద్దాయన సిస్యుడికేసి సూసినాడు. సిస్యుడు నేలకేసి సూసినాడు. అప్పుడు, మంచోడయి కాదు, ఎటూ దారిలేక, మురళీమోహన్ గారు ఆ అద్దాలు తలమీంచి తీసి బల్లమీద ఎట్టినాడు. ఎట్టి, ఆవిడకి కాదు, ఆల మేష్టారికి సెప్పినట్టు సెప్పినాడు. "అంగిలి మీద పుండుంది సార్. అంచులు గట్టిపడ్డాయి. మంచిది కాకపోవచ్చు. ముక్క తీసి పరీక్షకి పంపాలి. ఇంప్లాంట్లు ఇప్పుడు పెట్టకూడదు."

"చుట్ట?" అన్నాడు పెద్దాయన.

యమున మూతిగుడ్డలు రెండూ కిందికి లాగి, "అడ్డపొగ తాగుతాది సార్. డాక్టరుగారికి తెలుసు," అంది.

తవిటమ్మ మాటంటే మాట. నోరు తెరిసింది. నరసింగరావు గారు ఒంగి, సేతొడుగు ఏసుకుని, వేలుతో నొక్కి సూసినాడు. మెడకింద తడిమి సూసినాడు. ఇంతట్లో హాల్లో డాక్టర్లంతా లోపలికొచ్చేసినారు. ఇప్పుడు అందరికీ కావాల ఆ నోరు. ఫోన్లు తీసినారు. "కాస్త పైకి ఎత్తమ్మా," "లైటు ఇటు," అంటన్నారు. కంపని ఎనక్కెల్లిన ఆ సిన్న డాక్టరు అందరికన్నా ముందున్నాడు. ఎలాగుందో సూడండి. నొప్పని సెప్పినప్పుడు ఎవడికీ అక్కర్లేదు, అరుదైన పుండంటే ముక్కులు మూసుకోడం మర్సిపోనారు.

తవిటమ్మ పెద్దాయన సూడ్డం అయినవరకూ ఆగింది. అయినాక మూసేసింది. కుర్సీ దిగి, సెప్పులేసుకుని, "ఎక్కడికెల్లాల, ఎప్పుడెల్లాల, అది సెప్పండి," అంది.

తెల్లారే విశాఖపట్నం తీసుకెల్లినారు ఎర్రన్నా, యమునా. యమున సెలవు అడగలేదు, సెప్పిందంతే. బస్సులో పక్కనే కూకుని, మూతికి ఏటీ అడ్డం ఎట్టుకోకుండా, దానికి గంజి తాపించిందంట. ఏటి సెయ్యాలో ఆ పిల్లకి తెలిసిందిలెండి ఆఖరికి. పరీక్షలో సెడ్డ పుండే అని తేలింది. ఎముకలోకి ఇంకా దిగలేదన్నారు, ఇంకొన్నాల్లు ఆగుంటే దిగిపోయేదన్నారు. అంగిలి సగం కోసేసినారు. అక్కడ అచ్చులాగ ఓ రేకు తగిలించినారు, అన్నం తిన్నాక తీసి కడుక్కోవాల. మాటంతా ముక్కులోంచొస్తాది. ఎర్రన్న, "ఇప్పుడు తిట్టినా సన్నాయిలాగుంది," అంటాడు, అనేసి అటు తిరిగి కన్నీల్లు తుడుసుకుంటాడు. కల్లు మటుకు మానలేదు. పళ్లు కట్టించుకోలేదు తవిటమ్మ. కట్టిస్తామని ఎవలూ రాలేదు కూడా.

ఆ మురళీమోహన్ గారి బొమ్మ తరవాత పేపర్లో పడ్డాది. అద్దాలెట్టుకుని, నవ్వుతా. ఇంకెవరిదో నోరు, ఇంకెవరివో పళ్లు. బాగానే కుదిరినాయంట. అద్దాలు మంచియే అంటాది యమున, సూడాల్సిన సోటికి సూస్తే. నాకవన్నీ తెలీవు.

నాకు తెలిసిందొకటే, అది మీరు బుర్రలో ఎట్టుకోండి. రేపు మీ పిల్లలకి ఈ సంగతి సెప్తారు గదా, పుండు సంగతి సెప్పకపోయినా పర్లేదు, అంగిలి కోసింది సెప్పకపోయినా పర్లేదు. ఆయన సూసినాక అద్దాలు మళ్లీ ఎట్టుకున్నాడే, ఆ గడియ సెప్పండి. ఆ గడియలో తవిటమ్మ నోరు మూసిందని సెప్పండి. పేషెంటనొద్దు, ముసిల్దనొద్దు. తవిటమ్మ, పొందూరు తవిటమ్మ, అని పేరెట్టి సెప్పండి.